నానో పరిమాణంలో జిఫ్-8 తయారీ, ఉత్ప్రేరకంగా దాని పునర్వినియోగం: అంచెలవారీ సమగ్ర మార్గదర్శి

లోహ–సేంద్రియ చట్రాలపై (లోహ అయాన్లను సేంద్రియ అణువులు కలుపుతూ ఏర్పరిచే, రంధ్రాలున్న స్ఫటికాలపై) పని మొదలుపెట్టిన ఎం.ఎస్‌సీ., పీహెచ్‌డీ విద్యార్థులు తరచుగా ఒకే ప్రశ్న అడుగుతుంటారు. పొడి సులభంగానే వచ్చింది, మొదటి చర్య కూడా బాగానే జరిగింది, కానీ మూడోసారి, నాలుగోసారి వాడేసరికి ఫలితం ఎందుకు తగ్గిపోతోంది? ఎక్కువ సందర్భాల్లో దీనికి జవాబు చర్యలో ఉండదు. కడగడంలోనూ, సెంట్రిఫ్యూజ్‌లోనూ, కొలిచే పద్ధతిలోనూ ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శి ఒకే పదార్థాన్నీ ఒకే చర్యనూ తీసుకుని వాటిని చివరిదాకా అనుసరిస్తుంది.

పదార్థం జిఫ్-8. జింకు అయాన్లను 2-మిథైల్‌ఇమిడజోల్ అణువులు కలుపుతూ ఏర్పరిచే చట్రం ఇది. దీనికి ఆటోక్లేవ్ (అధిక పీడన పాత్ర) అక్కరలేదు, డైమిథైల్‌ఫార్మమైడ్ ద్రావణి అక్కరలేదు, గది ఉష్ణోగ్రత చాలు. చర్య బెంజాల్డిహైడ్‌కూ ఇథైల్ సయనోఅసిటేట్‌కూ మధ్య జరిగే నోవెనాగెల్ సంఘననం, అంటే క్షారం సాయంతో ఆ రెండూ నీటిని వదులుతూ ఒక్క అణువుగా కలవడం. మీ చర్యా మాధ్యమంలో ఆమ్లం ఉంటే జిఫ్-8 కరిగిపోతుంది కాబట్టి ఇక్కడే ఆగి, జిర్కోనియం ఆధారిత యుఐఓ-66 వంటి చట్రాన్ని ఎంచుకోవడం మంచిది.

1. నానో పరిమాణం ఎందుకో ముందుగా తేల్చుకోండి

జిఫ్-8 లోపలి కుహరాల వ్యాసం సుమారు 1.16 నానోమీటర్లు. అయితే వాటిలోకి దారితీసే కిటికీల వెడల్పు 0.34 నానోమీటర్లు మాత్రమే. చట్రం కొంత వంగి పెద్ద అణువులకు దారి ఇస్తుందన్నది నిజమే. అయినా ఈ చర్యలో ఏర్పడే ఇథైల్ సయనోసిన్నమేట్ వంటి అణువు లోపల పుట్టి ఆ కిటికీల గుండా బయటికి రావడం చాలా కష్టం. కాబట్టి పని జరిగేది ప్రధానంగా స్ఫటికాల బయటి ఉపరితలం మీదనే.

దీని పర్యవసానాన్ని ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. చట్రం సాంద్రతను ఘన సెంటీమీటరుకు 0.95 గ్రాములుగా, కణాలను గోళాలుగా అనుకుంటే, 50 నానోమీటర్ల కణాలకు గ్రాముకు సుమారు 125 చదరపు మీటర్ల బయటి ఉపరితలం ఉంటుంది. 500 నానోమీటర్ల కణాలకు అది 13కు పడిపోతుంది. నైట్రోజన్ అధిశోషణంలో (ఉపరితలానికి అంటుకునే నైట్రోజన్‌ను బట్టి వైశాల్యాన్ని కొలిచే పద్ధతిలో) కనిపించే వెయ్యికి పైబడిన చదరపు మీటర్లలో అధికభాగం ఈ చర్యకు అందుబాటులో లేని లోపలి వైశాల్యం. అందువల్ల ఇక్కడ కణ పరిమాణాన్ని అదుపులో ఉంచడమంటే ఉత్ప్రేరక శక్తిని అదుపులో ఉంచడమే. కణాలు ఒకదానికొకటి అతుక్కుపోతే, స్ఫటిక నిర్మాణం చెక్కుచెదరకపోయినా ఉత్ప్రేరకం చాలావరకు చేజారినట్టే.

2. రసాయనాలు, పరికరాలు సిద్ధం చేసుకోవడం

జింక్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్‌తో జాగ్రత్తగా ఉండాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పైగా సుమారు 36 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. ఏసీ లేని ప్రయోగశాలలో మే నెలలో సీసాలోనే కరిగి, తరువాత గడ్డకట్టిన లవణాన్ని వాడితే తూకంలో జింకు ఎంతో, నీరు ఎంతో చెప్పలేము. అలాంటి సీసాను ఈ పనికి పక్కన పెట్టేయండి. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతపు తేమలో పనిచేసేవారు సీసాను డెసికేటర్‌లో ఉంచి, తూకం వేసే క్షణంలోనే తెరవాలి.

మిథనాల్ కొత్తగా తెరిచిన సీసాలోనిది, హెచ్‌పీఎల్‌సీ శ్రేణిదైతే (ద్రవ క్రొమటోగ్రఫీకి వాడేంత శుద్ధమైనదైతే) మేలు. అందులోని నీటి శాతం మారితే కణ పరిమాణం కూడా మారుతుంది. ఒక ప్రయోగ శ్రేణి మధ్యలో జింకు లవణాన్ని మార్చకండి. నైట్రేట్ బదులు అసిటేట్ లేదా క్లోరైడ్ వాడితే వచ్చేది వేరే పరిమాణపు కణాలు.

సరిచూసుకోవలసినవి:
- జింక్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్, 0.733 గ్రాములు (2.46 మిల్లీమోల్‌లు)
- 2-మిథైల్‌ఇమిడజోల్, 1.622 గ్రాములు (19.8 మిల్లీమోల్‌లు)
- మిథనాల్, 50 మి.లీ. చొప్పున రెండు భాగాలు. కడగడానికి విడిగా మరికొంత
- 250 మి.లీ. బీకరు, మ్యాగ్నెటిక్ స్టిర్రర్, 25 డిగ్రీల నీటి తొట్టి
- కనీసం 10,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) తిరిగే సెంట్రిఫ్యూజ్, మూతలున్న పాలిప్రొపిలీన్ గొట్టాలు
- అల్ట్రాసోనిక్ బాత్, వ్యాక్యూమ్ ఓవెన్

భద్రత విషయంలో మూడు మాటలు. మిథనాల్ విషపూరితం, మండే గుణం కలది. 2-మిథైల్‌ఇమిడజోల్ చర్మాన్నీ కళ్లనూ కాల్చుతుంది. మానవుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ దాన్ని చేర్చింది. ఎండిన నానో పొడి గాలిలోకి తేలికగా లేస్తుంది కాబట్టి తూకంతో సహా అన్ని పనులూ ఫ్యూమ్‌హుడ్‌లోనే, చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించి చేయాలి.

3. స్ఫటికాలను పెంచడం

3.1. జింకు లవణాన్ని 50 మి.లీ. మిథనాల్‌లో, 2-మిథైల్‌ఇమిడజోల్‌ను మరో 50 మి.లీ. మిథనాల్‌లో విడివిడిగా పూర్తిగా కరిగించండి. రెండూ నిర్మలంగా ఉండాలి. నలకలు ఉంటే వడకట్టండి, ఎందుకంటే ప్రతి నలకా ఒక అదనపు స్ఫటిక కేంద్రమవుతుంది.

3.2. రెండు ద్రావణాలనూ అరగంట పాటు 25 డిగ్రీల నీటి తొట్టిలో ఉంచండి. శీతకాలపు ఉదయానికీ ఎండాకాలపు మధ్యాహ్నానికీ గది ఉష్ణోగ్రతలో పది డిగ్రీల తేడా రావచ్చు. ఆ తేడా నేరుగా కణ పరిమాణంలో కనిపిస్తుంది. "గది ఉష్ణోగ్రత" అని నోటుపుస్తకంలో రాసుకోవడం కంటే అంకె రాసుకోవడం ఎంతో మేలు.

3.3. జింకు ద్రావణాన్ని వేగంగా కలియబెడుతూ, ఇమిడజోల్ ద్రావణాన్ని ఒక్కసారిగా, రెండు మూడు సెకన్లలో పోసేయండి. చుక్కలు చుక్కలుగా పోయకూడదు. అలా పోస్తే మొదట పుట్టిన కేంద్రాలు పెరుగుతూ ఉండగా కొత్త కేంద్రాలు పుడుతుంటాయి. ఫలితంగా చిన్నవీ పెద్దవీ కలగలిసిన పొడి వస్తుంది.

3.4. ద్రవం క్రమంగా పలుచని పాలలా తెల్లబారుతుంది. సరిగ్గా ఒక గంట కలియబెట్టి ఆపండి. ఈ నిష్పత్తిలో, అంటే జింకుకు ఎనిమిది రెట్లు ఇమిడజోల్ ఉన్నప్పుడు, సాధారణంగా 50 నానోమీటర్ల చుట్టుపక్కల స్ఫటికాలు వస్తాయి. ఎంత సేపు కలియబెట్టినా పర్వాలేదనుకోకండి. మీరు ఎంచుకున్న కాలాన్నే ప్రతిసారీ పాటించండి.

మొత్తం జింకు చట్రంగా మారితే 0.56 గ్రాములు రావాలి. ఈ పద్ధతిలో సుమారు సగమే చేతికి వస్తుంది. మిగిలినదాని కోసం ఆ ద్రవాన్ని రాత్రంతా వదిలేసి రెండో పంటను మొదటిదానితో కలపాలన్న ఆశ చాలామందికి కలుగుతుంది. ఆ రెండో పంట పరిమాణం వేరు; దాన్ని కలిపితే ఉత్ప్రేరకం కొలతలన్నీ అర్థం కోల్పోతాయి.

ఎక్కువ పొడి కావాలంటే పెద్ద బీకరుకు వెళ్లకండి. పరిమాణం పెరిగేకొద్దీ రెండు ద్రావణాలు కలిసే వేగం తగ్గుతుంది, కణాలు పెద్దవవుతాయి. ఇదే 100 మి.లీ. కొలతలో పలుమార్లు చేసి, ఒక్కొక్కదాన్నీ విడిగా పరీక్షించి, సరిపోలినవాటిని మాత్రమే కలపడం సురక్షితమైన మార్గం.

పరిమాణాన్ని మార్చాలనుకుంటే: ఇమిడజోల్ నిష్పత్తిని తగ్గిస్తే కణాలు పెద్దవవుతాయి. ఎన్-బ్యూటైల్‌అమీన్ కలిపితే 10 నానోమీటర్ల దాకా చిన్నవి అవుతాయి. కానీ అంత చిన్న కణాలను తిరిగి పట్టుకోవడం దాదాపు అసాధ్యం, పైగా మిగిలిపోయిన అమీన్ తానే చర్యను నడుపుతుంది. పునర్వినియోగం లక్ష్యమైతే 50 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉండటమే నా దృష్టిలో వివేకం.

4. కడగడం: ఫలితాన్ని నిర్ణయించే అంచె

ఇక్కడ తొందరపడినవారి ఫలితాలే తరువాత తారుమారవుతాయి. కారణం తేలికైనది. 2-మిథైల్‌ఇమిడజోల్ స్వయంగా క్షారం. అది నోవెనాగెల్ చర్యను ద్రావణంలోనే నడపగలదు. కణాలకు అంటుకుని అది మిగిలిపోతే మొదటిసారి చర్య అద్భుతంగా జరుగుతుంది; ప్రతి కడుగుడుతో అది కొంత కొంత పోతుంటే, ఉత్ప్రేరకం "అలసిపోతున్నట్టు" కనిపిస్తుంది. నిజానికి అలసినది ఏదీ లేదు, మురికి వదులుతోంది అంతే.

4.1. ద్రవాన్ని గొట్టాల్లో సమానంగా నింపి 10,000 ఆర్‌పీఎం వద్ద 20 నిమిషాలు తిప్పండి. మీ యంత్రపు రోటార్ వ్యాసార్థం 8 సెంటీమీటర్లయితే ఇది గురుత్వాకర్షణకు సుమారు 8,900 రెట్ల బలం. వ్యాసార్థం వేరైతే ఆ బలాన్ని లెక్కగట్టి కాలాన్ని సరిచేసుకోండి. ఆర్‌పీఎం ఒక్కటే చెబితే మరొకరు మీ పద్ధతిని తిరిగి చేయలేరు.

4.2. పైన తేరిన తేటను తీసేయండి. తేట ఇంకా నీలిఛాయతో మసకగా ఉంటే చిన్న కణాలు అందులోనే ఉన్నాయని అర్థం. అప్పుడు మరో 20 నిమిషాలు తిప్పాలి.

4.3. అడుగున చేరిన ముద్దపై కొత్త మిథనాల్ పోసి, అల్ట్రాసోనిక్ బాత్‌లో ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి పూర్తిగా విడదీయండి. బాత్‌లోని నీరు వేడెక్కకుండా మంచు ముక్కలు వేయండి. ముద్దను విడదీయకుండా పైపైన మిథనాల్ తిప్పితే అది కడిగినట్టు కాదు.

4.4. దీన్ని కనీసం మూడుసార్లు చేయండి. చివరి తేటలో 1 మి.లీ. తీసుకుని వాచ్‌గ్లాస్‌పై గాలికి ఆరనివ్వండి. తెల్లని మచ్చ మిగిలితే నాలుగోసారి కడగాలి.

5. ఆరబెట్టాలా, తడిగానే ఉంచాలా?

పరీక్షల కోసం కొంత భాగాన్ని తప్పక ఆరబెట్టాలి. 60 డిగ్రీల వద్ద మిథనాల్ పోయాక, 120 డిగ్రీల వద్ద రాత్రంతా వ్యాక్యూమ్‌లో ఉంచితే చాలు. చర్యకు వాడే భాగాన్ని మాత్రం ఆరబెట్టకపోవడమే మేలు. ద్రావణి ఆవిరయ్యేటప్పుడు నానో కణాలు గట్టిగా అతుక్కుంటాయి. తరువాత ఎంత సోనికేట్ చేసినా వాటిని మొదటి స్థితికి తేవడం కష్టం.

అందువల్ల చివరి కడుగుడును ఇథనాల్‌తో చేసి, కణాలను ఇథనాల్‌లోనే నిల్వ ఉంచండి. బాగా కుదిపి 1 మి.లీ. తీసి, తూకం తెలిసిన సీసాలో ఆరబెట్టి తూచితే, మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఉత్ప్రేరకం ఉందో తెలుస్తుంది. దీన్ని మూడు నమూనాలతో చేసి సగటు తీసుకోండి. నీటిలో నిల్వ ఉంచకండి. పలుచని జల మాధ్యమంలో జిఫ్-8 నెమ్మదిగా విచ్ఛిన్నమై జింకును వదులుతుంది.

6. వచ్చింది జిఫ్-8 అవునో కాదో తేల్చుకోవడం

ఎక్స్-రే వివర్తనం: రాగి లక్ష్యంతో తీసిన చిత్రంలో 7.3, 10.4, 12.7, 14.7, 16.4, 18.0 డిగ్రీల దగ్గర శిఖరాలు కనిపించాలి. 50 నానోమీటర్ల కణాలకు మొదటి శిఖరపు సగం ఎత్తు దగ్గరి వెడల్పు సుమారు 0.16 డిగ్రీలు మాత్రమే. యంత్రం తానుగా కలిపే వెడల్పు కూడా దాదాపు ఆ స్థాయిలోనే ఉండవచ్చు కాబట్టి, దాన్ని తీసివేయకుండా షెరర్ సూత్రం (శిఖరపు వెడల్పు నుంచి కణ పరిమాణాన్ని లెక్కగట్టేది) వాడితే కణాలు ఉన్నదానికంటే చిన్నవిగా తేలతాయి.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని: కనీసం నూరు కణాలను కొలిచి సగటుతో పాటు వ్యాప్తిని కూడా చెప్పండి. అందమైన ఒక్క చిత్రం ఆధారం కాదు. టీఈఎం (ప్రసార ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని) పుంజం కింద జిఫ్-8 త్వరగా పాడవుతుంది. తక్కువ తీవ్రతతో త్వరగా చిత్రం తీయాలి.

ఉష్ణభార విశ్లేషణ: గాలిలో వేడిచేస్తే చివరికి జింక్ ఆక్సైడ్ మిగులుతుంది. శుద్ధమైన చట్రానికి ఆ మిగులు 35.8 శాతం. అంతకంటే ఎక్కువ వస్తే ఇతర జింకు పదార్థాలు కలిశాయని, తక్కువ వస్తే ద్రావణి గానీ ఇమిడజోల్ గానీ మిగిలిందని అనుమానించాలి. 250 డిగ్రీల లోపే బరువు గణనీయంగా తగ్గితే నాలుగో అంచెకు తిరిగి వెళ్లండి.

నైట్రోజన్ అధిశోషణం: గ్రాముకు సుమారు 1000 నుంచి 1800 చదరపు మీటర్ల మధ్య రావడం సాధారణం. ఇది రంధ్రాలు ఖాళీగా ఉన్నాయని మాత్రమే చెబుతుంది. ఈ చర్యలో వేగాన్ని చెప్పదు.

7. ఉత్ప్రేరక చర్య

బెంజాల్డిహైడ్‌ను వాడేముందు తప్పనిసరిగా శుద్ధి చేయండి. గాలి తగిలిన సీసాలో అది బెంజోయిక్ ఆమ్లంగా మారుతుంది, ఆ ఆమ్లం చట్రాన్ని తినేస్తుంది. సోడియం బైకార్బనేట్ ద్రావణంతో కడిగి, ఆరబెట్టి, తక్కువ పీడనంలో స్వేదనం చేసి, నైట్రోజన్ కింద ఉంచితే సరిపోతుంది. ఉత్ప్రేరకం "బలహీనంగా ఉంది" అన్న ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఈ పాత సీసానే.

7.1. 40 మిల్లీగ్రాముల ఉత్ప్రేరకానికి సమానమైన ఇథనాల్ ద్రవాన్ని కొలిచి, మొత్తం ఇథనాల్‌ను 10 మి.లీ.కు సరిచేయండి. మిథనాల్ వాడకూడదు, ఎస్టర్‌లోని ఇథైల్ సమూహం మిథైల్‌తో మారిపోయి రెండు రకాల ఉత్పన్నాల మిశ్రమం రావచ్చు.

7.2. 50 డిగ్రీల వద్ద 2 మిల్లీమోల్‌ల బెంజాల్డిహైడ్ (0.20 మి.లీ.), 2.4 మిల్లీమోల్‌ల ఇథైల్ సయనోఅసిటేట్ (0.26 మి.లీ.) చేర్చి కాలాన్ని లెక్కించడం మొదలుపెట్టండి.

7.3. ఎంచుకున్న సమయాల్లో చిన్న నమూనా తీసి వెంటనే చల్లార్చి, తిప్పి, తేటను మాత్రమే కొలవండి. నమూనా సీసాలో కణాలు మిగిలితే చర్య అక్కడ కూడా సాగుతూనే ఉంటుంది. ప్రోటాన్ ఎన్‌ఎంఆర్‌లో ఆల్డిహైడ్ శిఖరం 10.0 పీపీఎం దగ్గర, ఉత్పన్నపు వినైల్ హైడ్రోజన్ 8.25 పీపీఎం దగ్గర కనిపిస్తాయి; ఆ రెండింటి నిష్పత్తే మార్పు శాతాన్ని (ఆల్డిహైడ్‌లో ఎంత ఉత్పన్నంగా మారిందో) ఇస్తుంది.

దీంతోపాటు తప్పక చేయవలసిన పోలిక ప్రయోగాలు:
- ఉత్ప్రేరకం లేకుండా
- 2-మిథైల్‌ఇమిడజోల్ ఒక్కదానితో, కొద్ది మొత్తంలో
- జింక్ నైట్రేట్ ఒక్కదానితో

8. తిరిగి పట్టుకోవడం, తిరిగి వాడటం

చర్య ముగిసిన వెంటనే, ద్రవం గోరువెచ్చగా ఉండగానే సెంట్రిఫ్యూజ్‌లో వేయండి. పూర్తిగా చల్లారనిస్తే ఉత్పన్నం స్ఫటికాలుగా దిగి ముద్దలో కలుస్తుంది. అప్పుడు ఉత్ప్రేరకం వేసినదానికంటే ఎక్కువే తిరిగి వచ్చినట్టు తూకం చూపుతుంది. ముద్దను వెచ్చని ఇథనాల్‌తో మూడుసార్లు, సోనికేట్ చేస్తూ, ముందు చెప్పినట్టే కడగండి.

ప్రతి చక్రంలోనూ (ఒకసారి వాడి, తిరిగి పట్టుకున్నప్పుడల్లా) కొంత పొడి చేజారుతుంది. దీన్ని ఒప్పుకుని లెక్కలోకి తీసుకోవాలి. రెండు మార్గాలున్నాయి. మొదటిది, తిరిగి వచ్చిన ఉత్ప్రేరకం బరువును బట్టి మిగతా పదార్థాలన్నిటినీ అదే నిష్పత్తిలో తగ్గించడం. రెండోది, ఒకేసారి మూడు నాలుగు సమాన చర్యలు మొదలుపెట్టి, తరువాతి చక్రానికి వాటి ఉత్ప్రేరకాన్ని కలిపి వాడటం. కొత్త పొడితో లోటు పూడ్చడం మాత్రం తప్పు. అప్పుడు మీరు కొలుస్తున్నది పాతదాన్నో కొత్తదాన్నో తెలియదు.

ఇక అసలు విషయం. ఐదు చక్రాల్లోనూ 98 శాతం వచ్చిందని చూపే పట్టీలు ప్రచురణల్లో విరివిగా కనిపిస్తాయి. గంటలో ముగిసే చర్యను ఆరు గంటలు నడిపితే, ఉత్ప్రేరకంలో సగానికి పైగా చచ్చిపోయినా 98 శాతమే వస్తుంది. పునర్వినియోగాన్ని పూర్తి మార్పు దగ్గర కొలవకూడదు. కొత్త ఉత్ప్రేరకం 30 నుంచి 50 శాతం మార్పును ఇచ్చే సమయాన్ని ముందుగా గుర్తించి, ప్రతి చక్రాన్నీ సరిగ్గా ఆ సమయం దగ్గరే పోల్చాలి. వీలైతే తొలి నిమిషాల వేగాన్ని కొలవాలి.

9. పని చేస్తున్నది ఘనమా, కరిగిన భాగమా?

సుమారు 30 శాతం మార్పు దగ్గర ద్రవంలో సగాన్ని వేరుచేసి, కణాలను తొలగించి, ఆ తేటను అదే ఉష్ణోగ్రతలో కొనసాగించండి. ఉత్ప్రేరకం లేని ప్రయోగం కంటే వేగంగా అందులో చర్య సాగితే, ఏదో కరిగి బయటికి వచ్చినట్టు.

నానో పదార్థాలతో ఈ పరీక్షలో ఒక ఉచ్చు ఉంది. సిరంజికి తగిలించే మామూలు వడపోతల రంధ్రాలు 0.45 లేదా 0.2 మైక్రోమీటర్లు, అంటే 450 లేదా 200 నానోమీటర్లు. 50 నానోమీటర్ల కణాలు వాటిగుండా నిరాటంకంగా పోతాయి. తేటలో చర్య సాగుతుంది, "కరిగిపోయింది" అన్న తప్పు నిర్ణయం వెలువడుతుంది. ముందు సెంట్రిఫ్యూజ్ చేసి, ఆపై 20 నానోమీటర్ల రంధ్రాలున్న అల్యూమినా వడపోతతో వడకట్టండి. తేటలోకి లేజర్ పాయింటర్ కాంతి పంపితే, కణాలు మిగిలి ఉన్నప్పుడు కాంతిమార్గం స్పష్టంగా కనిపిస్తుంది.

తరువాత తేటను నైట్రిక్ ఆమ్లంతో జీర్ణింపజేసి ఐసీపీ పరికరంలో (ప్లాస్మా సాయంతో మూలకాలను కొలిచే యంత్రంలో) జింకును కొలవండి. చట్రంలో జింకు 28.7 శాతం కాబట్టి, ఎంత ఉత్ప్రేరకం కరిగిందో లెక్కకట్టవచ్చు. దానికి సరిపడే 2-మిథైల్‌ఇమిడజోల్‌ను విడిగా తీసుకుని చర్య నడిపి చూస్తే, కరిగిన భాగం వాటా ఎంతో తేలుతుంది.

10. వేగం తగ్గితే ఎక్కడ వెతకాలి

మొదటి చక్రం నుంచి రెండోదానికి ఒక్కసారిగా పడిపోయి, ఆపై నిలకడగా ఉంటే: మొదట్లో ఇమిడజోల్ మిగిలి ఉండవచ్చు. కడుగుడు పెంచి మళ్లీ మొదలుపెట్టండి.

ప్రతిసారీ కొంచెం కొంచెంగా తగ్గితే: ముందు బరువు చూడండి. బరువుకు తగ్గట్టే వేగం తగ్గితే దోషం సెంట్రిఫ్యూజ్‌ది, ఉత్ప్రేరకానిది కాదు.

బరువు నిలిచి, వివర్తన శిఖరాలు నిలిచి, వేగం మాత్రం తగ్గితే: కణాలు అతుక్కున్నాయి లేదా ఉపరితలం ఉత్పన్నాలతో కప్పుకుపోయింది. సూక్ష్మదర్శినిలో చూసి మొదటిదాన్ని, ఉష్ణభార విశ్లేషణలో కొత్త బరువు తగ్గుదల చూసి రెండోదాన్ని గుర్తించవచ్చు. రెండోదానికి వెచ్చని ఇథనాల్‌లో ఎక్కువసేపు ఉంచడం పనిచేస్తుంది. మొదటిదానికి నమ్మదగిన మందు లేదు.

శిఖరాలు బలహీనపడితే లేదా కొత్తవి కనిపిస్తే: చట్రమే విచ్ఛిన్నమవుతోంది. ఆల్డిహైడ్‌లో ఆమ్లం ఉందేమో, చర్యలో పుట్టే నీరు చేరి పోగవుతోందేమో చూడండి. ఆ పొడిని మళ్లీ వాడే ప్రయత్నం మానేయండి.

11. వ్యర్థాలను వదిలించుకోవడం

మొదటి తేటలో నైట్రేట్, మిథనాల్, ఇమిడజోల్ మూడూ ఉంటాయి. దాన్ని ఎప్పుడూ వేడిచేసి ఎండబెట్టకండి. ఆక్సీకారిణి అయిన నైట్రేట్, సేంద్రియ పదార్థంతో కలిసి ఎండితే ప్రమాదం. విడి డబ్బాలో, పేరు రాసి, జింకు ఉన్న వ్యర్థంగా అప్పగించాలి. జింకు జలచరాలకు హానికరం కాబట్టి సింకులో పోయకూడదు. పని ముగిసిన ఉత్ప్రేరకాన్ని తడిగానే సీసాలో మూసి అదే వ్యర్థంతో పంపండి. అందులో చిన్న నమూనాను మాత్రం ఆరబెట్టి, చక్రం సంఖ్య రాసి భద్రపరచండి. సమీక్షకులు వివర్తన చిత్రం మళ్లీ అడిగినప్పుడు అదే కావాలి.